ఏ కట్టు తెగింది? అదుపులేనితనానికి గోదావరి డెల్టా మాటలు

గోదావరి జిల్లాల పత్రికల స్థానిక పేజీలు వరసగా నాలుగు రోజులు తిరగేస్తే చాలు. ఇసుక లారీలు యథేచ్ఛగా తిరుగుతుంటాయి. దోమలు స్వైరవిహారం చేస్తుంటాయి. మార్కెట్ సెంటర్లో ఆటోలు ఇష్టారాజ్యంగా ఆగుతుంటాయి. రొయ్యల చెరువుల్లో మందులు విచ్చలవిడిగా పడుతుంటాయి. సంక్రాంతి వచ్చిందంటే కోడిపందాలు జోరుగా సాగుతాయి. పైకి చూస్తే అన్నీ ఒకటే చెబుతున్నట్టుంటుంది: ఆపేవాడు లేడు, ఆగేవాడూ లేడు. అందుకే రాసేవాళ్ళు చాలామంది చేతికందిన మాట వేసేస్తారు. వాక్యం చెడేది సరిగ్గా అక్కడే.

తెలుగులో అదుపు లేకుండా నడుచుకోవడాన్ని చెప్పే మాటల్లో ఎక్కువ భాగం, ఆ మనిషి ఎంత స్వేచ్ఛగా ఉన్నాడో చెప్పవు. ఏ అడ్డు లేకుండా పోయిందో చెబుతాయి. తాడు తెగిందా, గట్టు తెగిందా, గడియ తీశారా, గీత దాటారా, భయం పోయిందా, సిగ్గు పోయిందా, కొలత తప్పిందా? ఆ అడ్డు ఎవరి చేతిలో ఉండాల్సింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సరైన మాట దానంతటదే తేలుతుంది, తప్పు ఎవరి మీద పడాలో కూడా తేలుతుంది.

మొదట ఆ రొయ్యల చెరువునే తీసుకుందాం. 'చెరువుల్లో యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడుతున్నారు' అంటే మోతాదు లేదని అర్థం. ఎకరానికి ఎంత, ఎన్ని రోజులకు ఒకసారి అన్న కొలత తప్పింది. తప్పు వాడకంలో ఉంది. అదే వాక్యంలో 'యథేచ్ఛగా' అని మార్చండి. ఇప్పుడు మోతాదు సంగతి వెనక్కి వెళ్ళిపోయి, చూసీ చూడనట్టు ఊరుకున్న అధికారి ముందుకొస్తాడు. నిషేధం ఉంది, అమలు చేయాల్సినవాళ్ళు ఉన్నారు, అయినా ఎవరూ అడ్డుపడలేదు. 'ఇష్టారాజ్యంగా' అని మార్చి చూడండి. మందూ ఎక్కువ కాకపోవచ్చు, నిషేధమూ ఉండకపోవచ్చు. కానీ ఎవరి పద్ధతి వారిది, ఒక చెరువులో చేసింది పక్క చెరువులో లేదు, టెక్నీషియన్‌ని అడిగినవాళ్ళు లేరు. మొదటిదానిలో లేనిది కొలత, రెండోదానిలో అడ్డు, మూడోదానిలో పద్ధతి. ఇసుక లారీలకు 'యథేచ్ఛగా' అంత బాగా అతకడానికీ, ఆటోల పార్కింగ్‌కి అతకకపోవడానికీ కారణం ఇదే. ఆటోవాడు ఎవరి నిషేధాన్నీ ధిక్కరించి ఆపలేదు, చోటు కనిపించింది, ఆపేశాడు.

'జోరుగా' దగ్గర అడ్డు ప్రసక్తే లేదు. వేగం, సందడి మాత్రమే ఉన్నాయి. వరినాట్లు జోరుగా సాగుతాయి, అమ్మకాలు జోరుగా సాగుతాయి. కోడిపందాల వార్తకి 'జోరుగా' అని శీర్షిక పెట్టిన పత్రిక పండగ సందడిని చెబుతోంది. 'యథేచ్ఛగా' అని పెట్టిన పత్రిక 1960 నాటి జంతుహింస నివారణ చట్టాన్నీ, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్నీ పాఠకుడికి గుర్తుచేస్తోంది. ఒక్క క్రియావిశేషణంలో పత్రిక ఎటు నిలబడిందో తెలిసిపోతుంది. రాసేవాళ్ళకి ఆ సంగతి తెలిసి రాయాలి.

తాడు దగ్గర మొదలైన మాటలు

డెల్టాలో పశువుకి కట్టే తాళ్ళు ఒకటి కాదు. మెడకి పలుపు వేసి కట్టుకొయ్యకి కడతారు. పలుపు పశువుని నడిపించదు, ఎంత దూరం తిరగొచ్చో చెబుతుందంతే. ముక్కు దూలానికి బెజ్జం పొడిచి వేసేది ముకుతాడు. అది లాగితే నొప్పి పుడుతుంది కాబట్టి ఎంత బలమైన ఎద్దయినా తల తిప్పుతుంది. ముకుతాడు నుంచి తోలేవాడి చేతిలోకి వచ్చేది పగ్గం. ఎటు వెళ్ళాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది అదే. పరాయి చేలో పడటం అలవాటైన పశువు మెడలో గుదిబండ వేలాడదీస్తారు. మామూలుగా నడిస్తే పెద్దగా ఇబ్బంది ఉండదు, పరిగెత్తబోతే ముందుకాళ్ళకి తగులుతుంది.

ఈ పనితనం నుడికారంలోకి అలాగే దిగింది. ధరలకి ముకుతాడు వేస్తారు, అంటే బలవంతంగా లొంగదీస్తారు. సంస్థ పగ్గాలు చేపడతారు, అంటే నడిపే బాధ్యత తీసుకుంటారు. పట్టాపగ్గాల్లేకుండా పెరిగే అప్పు అంటే నడిపించే చెయ్యి లేని అప్పు. ఇష్టం లేకపోయినా మోయాల్సి వచ్చిన బాధ్యత మెడలో గుదిబండ అవుతుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. పలుపుని పశువే తెంచుకుంటుంది. పగ్గం తోలేవాడి చేతిలోంచి జారుతుంది. అందుకని 'పలుపు తెంచుకుని పోయాడు' అన్నప్పుడు నింద పోయినవాడిది. 'పగ్గాలు వదిలేశారు' అన్నప్పుడు నింద పట్టుకోవాల్సినవాడిది. కొడుకు చెడిపోయాడని చెప్పడానికి ఊళ్ళో ఈ రెంటిలో ఏ మాట వాడారన్నదాన్ని బట్టి తప్పు కొడుకుదనుకుంటున్నారో తండ్రిదనుకుంటున్నారో అర్థమవుతుంది.

పలుపు తెంచుకున్న గేదెకి యజమాని ఉంటాడు. అది చేలో పడితే తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టొచ్చు. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం కింద జరిమానా, మేత ఖర్చు కట్టి యజమాని విడిపించుకోవాలి, గడువులోగా రాకపోతే వేలం వేస్తారు. అచ్చోసిన ఆంబోతు సంగతి వేరు. చనిపోయినవారి పేర పదకొండో రోజున చేసే వృషోత్సర్జనంలో కోడెదూడకి శూలం, చక్రం ముద్రలు కాల్చి వదిలేస్తారు. ఆ కాల్చిన ముద్రే అచ్చు. అప్పటినుంచి అది ఎవరిదీ కాదు, దేవుడిది. ఏ చేలో మేసినా కొట్టకూడదు, కట్టకూడదు. ఫిర్యాదు చేద్దామంటే యజమాని ఉండడు. అందుకే మనిషిని 'అచ్చోసిన ఆంబోతు' అంటే అల్లరివాడని మాత్రమే కాదు అర్థం, అతని గురించి చెప్పుకోవడానికి ఊళ్ళో ఎవరూ లేరని. ఒక్కసారి తప్పతాగి గొడవచేసినవాడికి ఈ మాట తగలదు. పలుకుబడి చూసుకుని ఏళ్ళ తరబడి ఊరి మీద పడి తిరిగేవాడికే తగులుతుంది. 'తాడూ బొంగరం లేనివాడు' అనేది ఇంకోరకం. అతని వల్ల ఎవరికీ హాని ఉండకపోవచ్చు. ఇల్లూ వాకిలీ, పెళ్ళాం పిల్లలూ, నిలకడగా ఒక పనీ లేవు. మొదటి మాటలో భయం ఉంది, రెండోదానిలో చులకన ఉంది, కొన్నిసార్లు జాలి కూడా.

కాడి విషయం ఆశ్చర్యంగా ఉంటుంది. మెడ మీంచి కాడి దిగితే ఎద్దుకి హాయి కదా. కానీ 'కాడి కింద పడేశాడు' అంటే తెలుగులో స్వేచ్ఛ పొందాడని కాదు, పని మధ్యలో వదిలేశాడని. తాడు తెంచుకున్నవాడిని దుడుకువాడంటారు, కాడి దించినవాడిని చేతకానివాడంటారు. రైతు చూపులోంచి పుట్టిన నుడికారం పశువు పక్షాన మాట్లాడదు.

నీళ్ళ మాటలు

డెల్టా వ్యవహారంలో పశువుకీ కాలవకీ క్రియలు ఒకటే. పశువుని కట్టేస్తారు, దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలవని కట్టేస్తారు. పశువుని వదులుతారు, సార్వాకి (ఖరీఫ్ వరికి) నీళ్ళు వదులుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీటిని కట్టడం, వదలడం ఏడాది పంచాంగంలో భాగమైపోయింది. మనిషి గురించి 'ఊరి మీదకి వదిలేశారు' అన్నా, 'ఇంట్లో కట్టేసినట్టుంది' అన్నా ఈ రెండు క్రియలే పనిచేస్తాయి.

అయితే నీళ్ళ మాటలకి పశువుల మాటలకున్నంత నింద లేదు. నీటికి బుద్ధి ఉండదు, ఒత్తిడి ఉంటుంది. ఇక్కడ నుడికారం బాగా సూక్ష్మంగా పనిచేస్తుంది. ఏటిగట్టు రెండు రకాలుగా ఓడిపోతుంది. నీటిమట్టం గట్టు ఎత్తుని మించితే పైనుంచి పొర్లుతుంది. మట్టం అంత లేకపోయినా, ఎలుకబొరియల్లోంచో పాత తూము పక్కనుంచో ఊట మొదలై, బుంగ పడి, మట్టి కోసుకుపోయి గండి పడుతుంది. పైనుంచి పొర్లిన నీరు కూడా ఆపకపోతే గట్టుని వెనకవైపు కోసి చివరికి గండే పెడుతుంది. గట్టు మీద కాపలా కాసేవాళ్ళు ఇసుక బస్తాలు వేసేది ఈ రెండింటికోసం. పొర్లే చోట ఎత్తు పెంచడానికి, ఊట వచ్చే చోట చుట్టూ కట్ట వేసి నీటి ఒత్తిడి నిలవడానికి.

భాషలోనూ అంతే. 'ఆనందం పొంగిపొర్లింది' అంటే గట్టు నిలిచే ఉంది, నష్టం లేదు. 'కోపం కట్టలు తెంచుకుంది' అంటే గట్టు పోయింది, ఇక ఆ నీరు ఎటు పోతుందో చెప్పలేం. ఆనందానికి రెండూ వాడతారు, కానీ 'ఆనందం కట్టలు తెంచుకుంది' అంటే చాన్నాళ్ళు బిగబట్టుకున్నది ఒక్కసారి బయటపడిందని. ఎదురుచూడని శుభవార్తకి పొంగిపొర్లడమే సరి, ఏళ్ళ నిరీక్షణ ఫలిస్తే కట్టలు తెంచుకోవడం సరి. కోపానికి పొర్లడం కుదరదు.

ఈ లెక్క మరిచిపోతే వచ్చే తప్పు ఒకటి తరచు కనిపిస్తుంది: 'గ్రామస్తుల సహనం కట్టలు తెంచుకుంది.' సహనం నీరు కాదు, సహనమే కట్ట. తెంచుకున్నది ఆగ్రహం. 'సహనం నశించింది' అనాలి, లేదా 'ఆగ్రహం కట్టలు తెంచుకుంది' అనాలి. రెండూ కలిపితే గట్టే గట్టుని తెంచుకున్నట్టవుతుంది.

గండికి ఇంకో మెలిక ఉంది. గండి పడటం, గండి కొట్టడం ఒకటి కాదు. పడటం దానంతటదే జరిగింది, కొట్టడం ఎవరో గునపంతో చేసింది. వరద రోజుల్లో తమ ఊరు మునగకుండా అవతలి గట్టుకి గండి కొట్టారన్న ఆరోపణ ఎంత పెద్ద గొడవకి దారితీస్తుందో డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నుడికారంలో గండి కొట్టడం ఎప్పుడూ నష్టం చేయడమే. రైతుల ఆశలకి గండి కొడతారు, పంచాయతీ ఆదాయానికి గండి కొడతారు. 'భావప్రకటన స్వేచ్ఛకి గండి కొట్టారు' అన్నప్పుడు స్వేచ్ఛ వరద కాదు, చెరువులో దాచుకున్న నీరు. ఒకే నీరు, కట్ట తెంచుకుంటే అదుపులేనితనం, కట్ట నిండుగా నిలిస్తే సంపద. నీళ్ళతో బతికే ప్రాంతపు భాషలో ఈ రెండు చూపులూ పక్కపక్కనే ఉండటం సహజం.

వరద వార్తల్లో క్రియల ఎంపికకి ధవళేశ్వరం కొలబద్ద పనికొస్తుంది. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకి, సుమారు 13 లక్షలకి రెండోది. 17.75 అడుగులకి, సుమారు 17 లక్షలకి మూడోది. మొదటి హెచ్చరికకే 'గోదావరి ఉగ్రరూపం' అని రాసేస్తే, 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగిన నాటి వరదలాంటిది మళ్ళీ వస్తే చెప్పడానికి మాట మిగలదు. నీరు పెరుగుతోంది, ఉధృతి పెరిగింది, ఉగ్రరూపం దాల్చింది: ఈ మెట్లు పాటిస్తే లంక గ్రామాల పాఠకుడికి వాక్యం చూడగానే సామాన్లు అటకెక్కించాలో పడవెక్కాలో తెలుస్తుంది. ఇది కేవలం శైలికి సంబంధించిన విషయం కాదు.

అంకుశం, సంకెల, గడియ

సంస్కృతం నుంచి వచ్చిన మాటలూ ఇదే దారిలో తయారయ్యాయి. నిరంకుశం అంటే అంకుశం లేనిది. విశృంఖలం అంటే శృంఖల, అంటే సంకెల లేనిది. అనర్గళం అంటే అర్గళం, అంటే తలుపు గడియ లేనిది. మూడింటి నిర్మాణమూ ఒకటే అయినా మూడూ మూడు దారుల్లో పోయాయి. అంకుశం ఏనుగుకి, ఏనుగంటే బలం, అందుకని నిరంకుశం అధికారానికి అంటుకుంది. పాలకుడో, అధికారో, ఇంటిపెద్దో నిరంకుశంగా ఉంటాడు. బలం లేనివాడికి ఆ మాట నప్పదు. సంకెల బందీకి, అందుకని విశృంఖలం నడవడికి అంటుకుని తిట్టుగా స్థిరపడింది. గడియ తలుపుకి, ఇక్కడ తలుపంటే నోరు. అనర్గళంగా మాట్లాడటం మెప్పు. 'అనర్గళంగా ఖర్చుపెట్టాడు' అని ఎవరూ అనరు, చెయ్యి తలుపు కాదు కాబట్టి. ధారాళానికి మాత్రం రెండు చోట్లా చోటుంది, ధారాళంగా మాట్లాడొచ్చు, ధారాళంగా ఇవ్వొచ్చు. కవులు నిరంకుశులన్న పాత నానుడిలో నిరంకుశం మెప్పుగా ఉంది. కవిది బలం కాదు చనువు కాబట్టి అక్కడ భయం లేదు.

కాలం గడిచేకొద్దీ ఈ మాటలు మచ్చపడ్డాయి. విచ్చలవిడి పాత కావ్యభాషలో స్వేచ్ఛకి మామూలు పర్యాయపదం, అందులో నింద లేదు. స్వైరవిహారమూ అంతే, తన ఇష్టం వచ్చినచోట తిరగడం. ఇప్పుడు ఆ రెండూ మంచి సందర్భానికి పనికిరావు. కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు స్వైరవిహారం చేస్తున్నాయని రాస్తే, అవి మత్స్యకారుల వలలు కొరికేస్తున్నాయేమో అనుకుంటాడు పాఠకుడు. 'స్వేచ్ఛగా తిరుగుతున్నాయి' అంటే చాలు. నిఘంటువులో పక్కపక్కన ఉన్న మాటలు వాడుకలో పక్కపక్కన ఉండవు.

తెగు అనే ధాతువు

అచ్చతెలుగులో ఈ పనంతా ఎక్కువగా మోసేది 'తెగు'. తాడు తెగుతుంది, గట్టు తెగుతుంది, భయం తెగుతుంది. తెగించడం అంటే లోపలున్న భయాన్ని తనే తెంచుకోవడం. అందుకే వరదలో చిక్కుకున్నవాళ్ళని ప్రాణాలకి తెగించి నాటుపడవల మీద తీసుకొచ్చిన కుర్రాళ్ళని మెచ్చుకోవడానికి అదే మాట. తెగువ పూర్తిగా మెప్పు. తెగేసి చెప్పడం బేరం ముగించడం, దానిలో మెప్పూ లేదు తిట్టూ లేదు. తెగబడటం మాత్రం ఎప్పుడూ చెడ్డదే, దాడికి తెగబడతారు, దౌర్జన్యానికి తెగబడతారు. సాయానికి ఎవరూ తెగబడరు. తెగింపు భయాన్ని వదులుకుంటుంది, తెగబడటం ఎదుటివాడి మీద పడుతుంది. తేడా అక్కడుంది.

వీటన్నిటికీ మించింది బరితెగించడం. బరి అంటే గీసిన హద్దు. కోడిపందెంలో పుంజులు దిగే చోటు బరి, కుస్తీ పట్టే చోటు బరి. బరిలోపల ఏం చేసినా పందెం. కత్తి కట్టిన పుంజు ఎదుటి పుంజుని కోసినా అది ఆట నియమమే. ఎన్నికల బరిలో దిగడం, పోటీ బరిలో నిలవడం ఇందుకే తప్పుమాటలు కావు. గీత దాటితే ఆట కాదు. బరితెగించినవాడికి భయం ఒక్కటే కాదు, నలుగురూ ఏమనుకుంటారన్న సిగ్గు కూడా పోయింది. కాబట్టి చాటుగా చేసిన పనికి ఈ మాట కుదరదు. రాత్రిపూట దొంగతనంగా మట్టి తవ్వుకుపోయినవాడు బరితెగించలేదు. పట్టపగలు, పంచాయతీ ఆఫీసు ముందునుంచి ట్రాక్టర్లు తోలినవాడు బరితెగించాడు. 'బాహాటంగా' అనే మాట ఈ పట్టపగలుని మాత్రమే చెబుతుంది, సిగ్గు సంగతి చెప్పదు. మద్దతు బాహాటంగా ప్రకటించొచ్చు, అందులో తప్పేమీ లేదు.

క్రికెట్ రాతల్లో ఈ వరస తలకిందులవుతుంది. బ్యాటర్ చెలరేగుతాడు, విజృంభిస్తాడు, రెచ్చిపోతాడు, అన్నీ మెప్పులే. చుట్టూ బౌండరీ గీత, పైన అంపైర్ ఉన్నారు కాబట్టి లోపల ఎంత రెచ్చిపోయినా ఎవరికీ భయం లేదు. అదే మాటలు అల్లరిమూకకి వాడితే నిషేధాజ్ఞలు గుర్తుకొస్తాయి.

నోటికి ఎంత వదులు

గోదావరి మాటతీరుకి ఎటకారం పెట్టింది పేరు. బయటివాళ్ళు దాన్ని నోటికి అడ్డూఆపూ లేకపోవడం అనుకుంటారు. నిజానికి చాలా అడ్డులున్నాయి. మొదటి అడ్డు వరస. బావాబావమరుదులు, వదినామరదళ్ళు, వియ్యాలవారు ఒకరినొకరు ఆటపట్టించుకోవచ్చు, పెళ్ళిళ్ళలో వియ్యపురాలి మీద పాటలే ఉన్నాయి. 'ఏం బావా, మీ ఊళ్ళో కుర్చీలకి కరువొచ్చిందా, గుమ్మంలోనే నిలబెట్టేశావు?' అంటే బావ నవ్వుతాడు, లేదా రెండాకులు ఎక్కువే అంటిస్తాడు. ఆ మాటే మావయ్యగారితో అంటే అధికప్రసంగం. రెండో అడ్డు 'అండి'. ఎంత గట్టి విమర్శయినా చివర 'అండి' ఉంటే నిలబడుతుంది. 'మీరు చేసింది బాగోలేదండి, ఆయ్' అన్నది ఆ ప్రాంతంలో సూటిగా అన్న మాటే, నోరు పారేసుకోవడం కాదు.

వరస లేని చోట పెద్దవాళ్ళకి సలహా చెప్పాలంటే ముందు అనుమతి మాట్లాడేవాడే తీసుకుంటాడు: 'స్వతంత్రం తీసుకుని అంటున్నాననుకోకండి పెదనాన్నగారూ, ఆ చెరువు లీజు కాయితం ఎవరికైనా ఒకసారి చూపించుకుంటే బాగుంటదండి.' ఇక్కడ స్వతంత్రం అంటే దేశానికొచ్చింది కాదు, ఒక్క వాక్యం వరకు అప్పు తెచ్చుకున్న హక్కు. చనువు వేరు, అది ఎదుటివాళ్ళు ఇచ్చేది. ఇచ్చినదాన్ని మించి వాడితే 'చనువిస్తే నెత్తికెక్కాడు' అంటారు. చొరవ ఎవరూ ఇవ్వరు, తీసుకోవాల్సిందే, కాబట్టి అది మెప్పు. అలుసు ఇచ్చినవాడి బలహీనత. చనువు ఇచ్చినందుకు ఎవరూ నొచ్చుకోరు, అలుసిచ్చినందుకు నొచ్చుకుంటారు.

నోటి అదుపు తప్పడంలోనూ తరగతులున్నాయి. నోరు జారడం అంటే ఒక్క మాట, అనుకోకుండా వచ్చింది, క్షమాపణతో సరిపోతుంది. నోరు పారేసుకోవడం అంటే అనకూడనివాళ్ళని అనకూడనివి అనేసి తన పరువు తనే పోగొట్టుకోవడం. నోరు చేసుకోవడం కేకలు, తగువు, చెయ్యి చేసుకోవడానికి ఒక అడుగు ఇవతల. నోటికొచ్చినట్టు మాట్లాడటంలో లేనిది ఆలోచన. నిర్మొహమాటంగా మాట్లాడటంలో లేనిది మొహమాటం మాత్రమే, ఆలోచన ఉంది. అరమరికలు లేకుండా మాట్లాడటంలో లేనిది దాపరికం. నదురూబెదురూ లేకుండా అంటే ఎదుటివాడు పెద్దవాడన్న భయం లేదు. సాక్షి కోర్టులో నదురూబెదురూ లేకుండా చెబుతాడు, స్నేహితులు అరమరికలు లేకుండా చెప్పుకుంటారు. తారుమారు చేస్తే రెండు వాక్యాలూ వింతగా వినిపిస్తాయి.

ఆడవాళ్ళ విషయంలో

ఇక్కడ భాష న్యాయంగా లేదు, ఆ మాట దాచకుండా చెప్పాలి. సంస్కృతంలోనే స్వైరం మగవాడికి తన ఇష్టం, స్వైరిణి అంటే మాత్రం నడత చెడ్డ ఆడది. తెలుగులో 'బరితెగించాడు' అంటే ఏం దోచుకున్నాడనో, ఏం దౌర్జన్యం చేశాడనో అడుగుతారు. 'బరితెగించింది' అంటే ఏం చేసిందని ఎవరూ అడగరు, ఒకే అర్థం తీస్తారు. పొద్దుపోయాక సెంటర్లో నిలబడి కబుర్లు చెప్పుకునే కుర్రాడు మహా అయితే జులాయి, ఆకతాయి. అదే పని అమ్మాయి చేస్తే గాలికి తిరిగినట్టు. గట్టిగా మాట్లాడి తన పని తను చక్కబెట్టుకునే అమ్మాయిని 'మగరాయుడిలా' అంటారు, మెప్పులోనూ ఆ స్వేచ్ఛ ఆమెది కాదన్న మాట ఉంది. వార్త రాసేవాళ్ళకి ఒక పరీక్ష చాలు: వాక్యంలో ఆమెని తీసి అతణ్ణి పెట్టి చదవాలి. మాట నిలబడకపోతే అది వార్త కాదు, తీర్పు. అప్పుడు విశేషణం తీసేసి ఏం జరిగిందో రాస్తే సరిపోతుంది.

అడ్డు లేని మాటలు

ఇంతవరకు చెప్పినవన్నీ ఏదో ఒక అడ్డు పోవడం మీద నిలబడ్డవి. దేన్నీ తెంచని, ఎవరినీ ధిక్కరించని కుటుంబం ఒకటుంది. మనసారా, నోరారా, కడుపారా, కళ్ళారా, తనివితీరా, కరువుతీరా. ఇక్కడ ఆగడం లోపలనుంచి వస్తుంది, నిండేదాకా, తీరేదాకా. 'మొహమాటపడకండి, కడుపారా తినండి' అని కొసరి వడ్డించే ఇంట్లో అతిథికి ఇచ్చేది ఈ రకం స్వేచ్ఛ. ఈ మాటలకి ఏ అవయవం ఉందో ఆ అవయవం పనే క్రియగా రావాలి. కళ్ళారా చూస్తారు, కడుపారా తింటారు, నోరారా పిలుస్తారు, మనసారా దీవిస్తారు. మనసారా తిన్నారంటే అర్థమవుతుంది గాని అతకదు.

తీరా చివరనున్న మాటలు కొంచెం వదులు, తనివితీరా చూడొచ్చు, వినొచ్చు, ఏడవొచ్చు కూడా. వీటిలో తిట్టడానికి, కొట్టడానికి కుదిరేది ఒక్క కసితీరా. కోపంతో చేసిన పనికి తనివితీరా వేస్తే చేసినవాడు దాన్ని ఆస్వాదించాడని అర్థం వస్తుంది, నేరవార్తలో అది చాలా పెద్ద మాట. నోరారా కూడా ప్రేమ వైపు మాటే. నోరారా పిలిచింది అనొచ్చు, నోరారా తిట్టింది అనడం కుదరదు. తిట్టుకి నోటినిండా, లేదా కసితీరా.